లావణ్యను తిట్టే హక్కు మా పెద్దమ్మది

మా పెద్దమ్మ పోయిందని వదిన ఫోన్ చేసినప్పుడు నేను కామారెడ్డిలో, మా బడి వరండాలో, పిల్లల మధ్యాహ్న భోజనం చూస్తూ నిలబడి ఉన్నాను. పొద్దున బీడీలు చుట్టడానికి కూర్చున్న మనిషి, చాట ఒళ్లో ఉండగానే పక్కకు ఒరిగిపోయిందట. ఎల్లారెడ్డి దవాఖానకు తీసుకెళ్లేలోపే అయిపోయింది. వదిన ఏడుస్తూ చెప్పింది. నాకు వెంటనే ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మా ఊరి ఆడపిల్లల బేస్‌బాల్ జట్టుకు జిల్లా పోటీలు ఇంకో వారంలో ఉన్నాయి. ఆ వారం ఆగలేకపోయిందా అనిపించింది. చావు మీద కోపం తెచ్చుకోవడం తెలివితక్కువ పనే. కానీ మా పెద్దమ్మ తెలిసినవాళ్లకు ఇది వింతగా తోచదు. ఆమె మా ఆట గ్రౌండులో ఎవరికీ ఓపిక నేర్పలేదు.

ఆమె మా అమ్మకు అక్క. ఎల్లారెడ్డిలో ఆమె ఇల్లు మేము బేస్‌బాల్ ఆడే గ్రౌండును ఆనుకొని ఉంటుంది. మా వైపు ఆడపిల్లలు బేస్‌బాల్ ఆడతారంటే బయటివాళ్లు క్రికెట్ అనుకుంటారు. నేను చదువుకునే రోజుల్లో మా పీఈటీ సార్ మొదలుపెట్టించారు. విసిరిన బంతిని బ్యాటు వెనక కూర్చొని పట్టే క్యాచర్‌ను నేను. ఒకరోజు మావాళ్లు కొట్టిన బంతి పోయి పెద్దమ్మ వాకిట్లో నీళ్ల కుండ పగలగొట్టింది. ఆమె బంతిని కొంగులో ముడేసుకొని గ్రౌండులోకి వచ్చింది. సార్‌ను, బ్యాటు పట్టిన పిల్లను, ముఖానికి జాలీ కట్టుకొని కూర్చున్న నన్ను వరుసగా తిట్టింది. తిట్టడం అయ్యాక కూడా పోలేదు. కుండ పగిలేంత గట్టిగా ఈ పిల్ల కొట్టిందా, లేక ఆ పిల్ల అంత మెత్తగా విసిరిందా అని సార్‌ను అడిగింది. సార్ నవ్వి, కూర్చొని చూడమన్నారు. మరుసటి రోజు చాట, తునికాకు కట్ట, తంబాకు, దారం అన్నీ తెచ్చుకొని గోడ నీడన కూర్చుంది. నేను ఆట మానేసి ఉద్యోగంలో చేరాక కూడా ఆమె అక్కడే కూర్చుంది.

ఆట మొత్తం ఆమెకు ఎప్పుడూ ఎక్కలేదు. ఎవరు అవుటయ్యారో, ఎందుకయ్యారో నన్ను అడిగేది, చెప్పేలోపు మరిచిపోయేది. ఆమె చూసింది పిచ్చర్‌నే. పిచ్చర్ అంటే మధ్యలో మట్టి దిబ్బ మీద నిలబడి బంతి విసిరే పిల్ల. బంతి బ్యాటు పట్టినామె ఛాతీకీ మోకాళ్లకూ మధ్యగా, ఆమె ముందు నేలలో పరిచిన పలక మీదుగా పోవాలి. అట్లా పోతే పెద్దమ్మ లెక్కలో లోపలి బంతి, పోకపోతే బయటి బంతి. బయటివి నాలుగైతే అవతలి పిల్ల బ్యాటు ఊపకుండానే పరుగు దారిలోని మొదటి మజిలీకి, అదే మొదటి బేస్‌కు, నడిచిపోతుంది; అట్లా నాలుగూ చుట్టి వస్తే ఒక పరుగు. ఈ నడిచిపోవడమే పెద్దమ్మ ఓర్వలేకపోయేది.

"కొడితె కొట్టనియ్. పుణ్యానికి నడిసిపోవుడేంది?" అనేది.

పిచ్చర్ బాగా విసురుతుంటే ఆమె వేళ్లు బీడీల మీద ఆగకుండా ఆడేవి. నడకలు మొదలైతే దారం పంటి కింద బిగుసుకునేది, ఆకు చేతిలోనే ఎండేది. వదులు బీడీలు ఎక్కువైన రోజున, ఇవాళ మనవాళ్లు ఓడిపోయారా అని ఆమె కొడుకు, మా అన్న, ఎగతాళి చేసేవాడు. మెచ్చుకోవడం ఆమెకు రాదు. ఎవరైనా అద్భుతంగా ఆడితే, "ఇయ్యాల తిట్టబుద్ధి గాలే" అని చాట దులుపుకొని లేచేది. ఆ మాట కోసం నేను స్కూలు రోజులంతా ఆడాను. రెండుసార్లో మూడుసార్లో దక్కింది.

లావణ్య మహమ్మద్‌నగర్ దగ్గరి తండా నుంచి బస్సులో వచ్చే పిల్ల. పోయిన ఏడాది జిల్లా పోటీల్లో మా జట్టును గెలిపించింది ఆమే. ఊళ్లో ఫ్లెక్సీ కట్టారు. అందుకే ఈ మార్చిలో ఎండాకాలం పోటీల కోసం శిబిరం మొదలవగానే గ్రౌండు చుట్టూ జనం చేరారు. పిల్లల తండ్రులు, పాత ఆటగాళ్లు, మా వీధిలోని రిటైర్డ్ బస్సు కండక్టర్ వచ్చేవాళ్లు. సెలవు రోజుల్లో నేనూ కామారెడ్డి నుంచి పోయేదాన్ని. అందరం లావణ్య కోసమే పోయాం. అందరికీ తల కొట్టేసినట్టయింది.

కామారెడ్డి పిల్లలతో సన్నాహపు మ్యాచ్ రోజు ఇంకా కళ్ల ముందే ఉంది. మొదటి పిల్ల నడిచింది. రెండో పిల్ల నడిచింది. మూడో పిల్ల కూడా నడిచింది. నాలుగో పిల్లకు విసిరిన బంతి క్యాచర్ తల మీదుగా గోడకు పోయింది. అవతలివాళ్లు ఒక్క దెబ్బ కొట్టకుండానే పరుగులు తీసుకుంటుంటే, మావాళ్లు మొదట అరిచారు, తర్వాత నవ్వారు, ఆఖరికి లేచి పోవడం మొదలుపెట్టారు. ఫ్లెక్సీ కట్టినందుకే ఇట్లా అయిందని కండక్టర్ అన్నాడు. పొగరెక్కిందని ఒకరన్నారు. నాకూ కడుపు మండిపోయింది. ఇది శిబిరం, గెలవడానికి కాదు నేర్చుకోవడానికని సార్ అందరి దగ్గరికీ వచ్చి చెప్పారు. పెద్దమ్మ ఆయన మాట మధ్యలోనే అందుకుంది.

"మార్చిల రానిది ఏప్రిల్ల యాడికెల్లి వస్తది సారూ?"

పెద్దమ్మ చాట నా చేతిలో పెట్టి, బస్టాండుకు నడిచింది. నేను వెనకే పోయాను. లావణ్య బెంచీ మీద సంచి పక్కన పెట్టుకొని కూర్చుంది. పెద్దమ్మ వెళ్లీ వెళ్లగానే మొదలుపెట్టింది. పోయినేడు విసిరిన చెయ్యేనా ఇది, అన్నం తింటున్నవా లేదా, నీ కోసం పని విడిచి కూసుంటున్న, ఇట్లా చాలా అన్నది. లావణ్య తల వంచుకొని అన్నీ విన్నది. ఆ తర్వాత మెల్లగా చెప్పింది.

"ఎనకటి లెక్క ఇసిరితె బుజం గుంజుతదవ్వా. రాత్రి పండుకోరాదు. సార్ కొత్త తీరుగ ఇసురుమన్నడు. కొత్తది వస్తలేదు. పాతది ఇసరద్దన్నడు. నేనేం జెయ్యాలె?"

పెద్దమ్మకు తిట్టు దొరకకపోవడం నేను అప్పుడే చూశాను. బస్సు వచ్చింది, పిల్ల ఎక్కిపోయింది. ఇంటికి వచ్చాక పెద్దమ్మ వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ, "గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా," అని మాత్రం విసుక్కుంది. ఎవరి మీదో తెలియలేదు.

మర్నాడు శిబిరంలో కండక్టర్ మళ్లీ నోరు చేసుకోగానే ఆమె చాట పక్కన పెట్టి లేచింది.

"తమ్మీ, గా పోరిని తిట్టుడు నాకిడువు. మీకు తిట్టుడు రాదు. మీరు తిడితె పిల్ల ఇంటికి పోతది. నేను తిడితె మల్ల బంతి అందుకుంటది."

ఆ రోజు నుంచి ఆ మాట గ్రౌండులో కట్టుబాటైంది. లావణ్య శిబిరానికి ముందే వచ్చి పెద్దమ్మ ఇంటి వెనక గోడ మీద సుద్దతో గీసిన చదరానికి గురిపెట్టి విసిరేది. పెద్దమ్మ మంచం వేసుకొని "బయట," "బయట," "ఆఁ, లోపట," అంటూ కూర్చునేది. గోడ పెచ్చులు ఊడిపోతున్నాయని మా అన్న గొణిగాడు. ఊడితే సిమెంటు పెట్టుకో అన్నది ఆమె. ఇక్కడ నేను, పిల్ల త్వరలోనే బాగుపడిందని రాయగలిగితే బాగుండేది. బాగుపడలేదు. ఒకరోజు కాస్త కుదిరేది, మర్నాడు మళ్లీ మొదటికి వచ్చేది. జనం రావడం తగ్గించారు. ఇంకో పిల్లను చూసుకోమని కొందరు సార్‌కు ఫోన్లు చేశారు. నేనూ విసిగిపోయి, ఈ ఏడాదికి వదిలెయ్యి అని పెద్దమ్మతో అన్నాను. ఆమె నా ముఖం కూడా చూడలేదు.

ఆమె పోయే ముందు రోజు సాయంత్రం ఫోన్ చేశాను. లావణ్యకు విసురు కుదిరిందా అని అడిగాను.

"యాడ కుదిరింది? గోడ కూలెటట్టున్నది, బంతి మాత్రం మాట వింటలేదు. బుజం నొస్తలేదంటున్నది గని."

అది మంచిదే కదా అన్నాను.

"మంచిదే. మంచిదైతే బంతి లోపటికి రావాలె గద," అని ఫోన్ పెట్టేసింది. ఆమె నాతో అన్న ఆఖరి మాట అదే.

అంత్యక్రియలకు గ్రౌండు జనం అంతా వచ్చారు. స్నానాలు చేసి వచ్చి వాకిట్లో కూర్చున్నాక, జిల్లా పోటీల్లో ఎవరు విసరాలన్న వాదన తనంతట తనే మొదలైంది. వదిన లోపలి నుంచి వచ్చి, చావింట్లో ఇదేం మాటలని కోప్పడింది. అన్న ఆమెను ఆపాడు. మాట్లాడనియ్, అమ్మ ఉంటే ఇంకా గట్టిగా మాట్లాడేదన్నాడు. లావణ్య వాళ్లమ్మతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. నేను చెయ్యి పట్టుకుంటే, ఆడాలా వద్దా అని అడిగింది. ఆడమన్నాను.

పోటీలు కామారెడ్డిలో జరిగాయి. సార్ లావణ్యనే దింపారు. మొదట్లోనే ఇద్దరు నడిచిపోయారు. ఎప్పుడైనా ఈపాటికి మావైపు గోల మొదలయ్యేది. ఆ రోజు పెద్దమ్మ మీద గౌరవంతో ఒక్కరూ నోరెత్తలేదు. ఆ నిశ్శబ్దం తిట్ల కంటే ఘోరంగా ఉంది. పిల్ల మాటిమాటికీ మా వైపు చూసింది. మేం కిందికి చూశాం. ఆ ఇద్దరూ చుట్టి వచ్చి రెండు పరుగులు పోయాయి. ఆ తర్వాత ఎందుకో, ఎట్లానో, బంతి లోపలికి రావడం మొదలైంది. చివరిదాకా ఆమే విసిరింది. ఒక్కసారి కూడా భుజం పట్టుకోలేదు. తర్వాత ఇంకెవరూ నడవలేదు, ఎవరి పరుగూ రాలేదు. కానీ ముందు ఇచ్చిన రెండింటికి మావాళ్లు ఒక్కటే తీర్చగలిగారు. ఒక్క పరుగుతో ఓడిపోయాం.

కండక్టర్ ఆమె దగ్గరికి పోయి, పోనీలే బిడ్డా, మంచిగ ఆడినవ్ అన్నాడు. లావణ్య చేతి తొడుగు నేలకేసి కొట్టింది.

"పోనీ అనకు బాపూ. మొదట్ల ఇద్దరిని ఊకెనే పంపిన. తిట్టుండ్రి. ఎవలన్న తిట్టుండ్రి."

ఆయన ప్రయత్నించాడు. "ఏందే పోరీ," అని గొంతు పెంచి, అక్కడే ఆగిపోయాడు. సార్ అటు తిరిగి బ్యాట్లు సంచిలో పెట్టుకున్నారు. నేను ఆ తొడుగు తీసి దుమ్ము దులిపి ఆమెకు ఇచ్చాను. నాకూ తిట్టడం రాలేదు.

ఎల్లారెడ్డి బస్సు వచ్చింది. పిల్లలు ఎగబడి ఎక్కారు. లావణ్యకు కిటికీ పక్కన సీటు దొరికింది. బస్సు కదలకముందే ఊచలకు తల ఆనించి నిద్రపోయింది. విసిరే చెయ్యి కిటికీ బయటికి వదులుగా వేలాడుతోంది, గోళ్ల నిండా ఎర్రమట్టి. చెయ్యి లోపలికి పెట్టమని మా వీధి రిటైర్డ్ కండక్టర్ మెల్లగా తట్టాడు. లేవలేదు. ఆయనే ఆ చేతిని రెండు చేతులతో పట్టుకొని, పగిలే వస్తువును దించినట్టు ఆమె ఒళ్లో పెట్టాడు. బస్సు కదిలింది.