పాలు పిండే వేళ పుట్టిన పాటలు

మాది యేసయ్య పాటలు పాడే రాక్ బ్యాండ్. మా మోతకు చర్చి పెద్దలు చెవులు మూసుకుని, సాధనకు చోటు ఇవ్వలేమని తేల్చేశారు. మాదన్నపేటలో మా పక్కింటి పాల వ్యాపారి మాత్రం తన బర్రెల కొట్టంలో ఓ మూల ఇచ్చాడు. ఒక్కటే షరతు పెట్టాడు.

“పాలు పిండేటప్పుడు డ్రమ్ముల లొల్లి వద్దు. బెదిరితే బర్రెలు పాలియ్యవ్.”

అందుకే ఏ పాటైనా ఒక్క గిటార్‌తో, జోకొట్టినట్టు మొదలుపెట్టేవాళ్లం. పిండడం అయ్యాకే డ్రమ్ములు అందుకునేవి. ఆ అలవాటే మా బాణీ అయింది. ఆల్బమ్‌లు తెచ్చాం, ఊరూరా కచేరీలు చేశాం, బాణీ మాత్రం మార్చలేదు.

మొన్న కచేరీలో, ఆ నెమ్మదైన ఎత్తుగడ ఏ విదేశీ బ్యాండ్ దగ్గర నేర్చుకున్నారని యాంకర్ అడిగింది.

“మా పక్కింటి బర్రెల దగ్గర” అన్నాను.

హాలంతా పగలబడి నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఉన్నమాటే కదా చెప్పాను! అంతలో ముందు వరసలోంచి మా పాల వ్యాపారి లేచి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

“ఎందుకు నవ్వుతున్రు? వీళ్ల దేవుడే కొట్టంల పుట్టిండు. పాటలు పుట్టొద్దా?”