చిన్నమ్మ బోరుకు నీళ్లు పడ్డాయి

కళ్యాణదుర్గం దగ్గర మా చిన్నమ్మ చేనులో ఈ రోజు బోరుకు నీళ్లు పడ్డాయి. ఇదివరకు వేసిన బోర్లన్నీ ఎండిపోయాయి. ఆ సంతోషంలో మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టి, కింద తానే "నీల్లు పడినయి" అని టైపు చేసింది.

"నీల్లు కాదు, నీళ్లు" అని మా తమ్ముడు దిద్దాడు. వరుసగా నవ్వు బొమ్మలు వచ్చాయి. అందులో నాదీ ఒకటి. కాసేపటికి చిన్నమ్మ గ్రూపులోంచి వెళ్లిపోయింది.

వెంటనే ఫోన్ చేశాను. "తమాషాకు నవ్వినాము చిన్నమ్మా, కోపం చేసుకోవద్దు."

"అచ్చరం తప్పు రాసినా, నిజమేప్పా. నీళ్లు పడినాయంటే ఒక్కరన్నా సంతోషపడినారా?"

గ్రూపులోకి మళ్లీ పిలిచినా రానంది. రేపు చేనుకే వెళ్లి ఆ నీళ్లు చూసి వస్తాను.

మీరూ ఎవరినైనా ఇలా నవ్వి పంపేశారా?