అన్నయ్య మాటలు నేను చదివాను

మా అమ్మాయి ఇంటర్ పాసయ్యాక డిగ్రీలో నాటకం చదువుతానంది. నాటకం ఆడతారు గానీ చదువుతారా అని అడిగాను. చదువుతారట. హైదరాబాదులో ఒక కాలేజీలో అందుకు సీట్లున్నాయట. మార్కులొక్కటే చూసి ఇవ్వరు, నటన చూసి ఇస్తారు. ముందు వీడియో పంపాలి. అది నచ్చితే రెండోసారి పిలిపించి, ఎదురుగా నటించమని చూస్తారు.

వీడియో నేనే తీశాను. కడియంలో మేము పనిచేసే నర్సరీలో, క్రోటన్ మొక్కల వరసల మధ్య నిలబడి, పడవ మునిగాక ఒడ్డున ఒంటరిగా మిగిలిన మనిషి మాటలు చెప్పింది. నా చెయ్యి వణికి ఒకసారి, లారీ హారన్ మోగి ఒకసారి పాడైంది. ఆ తర్వాత తీసినది పంపింది. కొద్ది రోజులకే రమ్మని కబురొచ్చింది. దాంతోపాటు ఒక నాటకంలోంచి కొన్ని పేజీలు ఫోనుకు పంపారు. అందులో చెల్లెలు ఉద్యోగం కోసం ఇల్లు వదిలి వెళ్తానంటుంది. అన్నయ్య ఒప్పుకోడు, వాదిస్తాడు, చివరికి ఉన్నట్టుండి ‘వెళ్ళు’ అంటాడు. చెల్లెలి మాటలు కంఠతా పట్టి రావాలి. అన్నయ్యగా చేసే అబ్బాయిని అక్కడ వాళ్ళే చూపిస్తారు.

మరి ఇంట్లో అన్నయ్య ఎవరు? నేనే అయ్యాను.

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. నలభై దాటాక, మా చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళు సాయంత్రాలు చెప్పే బడిలో నేర్చుకున్నాను. తెలిసిన వాక్యమైతే గబగబా చదువుతాను. కొత్తదైతే వేలు పెట్టుకుని, ఒత్తు వచ్చినచోటల్లా ఆగి, కూడబలుక్కుని చదవాలి. పని నుంచి రాగానే చేతుల మట్టి కడుక్కుని, ఫోను ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. మా అమ్మాయి ఎదురుగా నిలబడేది.

“అమ్మా, అన్నయ్యకి కోపం వచ్చింది. నువ్వేమో ఆదివారం చర్చిలో వాక్యం చదివినట్టు చదువుతున్నావు.”

“కోపం సంగతి తర్వాత. ముందు ఈ మాటేంటో చూడనీ.”

“సరే, నిదానంగానే చూడు. అన్నయ్య ఎక్కడికీ పోడులే.”

ఎంతసేపు ఆగినా విసుక్కోలేదు. నేను తడబడుతున్న మాటను తను అందించలేదు. పేజీలన్నీ దానికి నోటికి వచ్చేసినా, నేను పూర్తిచేసేదాకా నా మొహంలోకి చూస్తూ నిలబడేది. ఆ ఓపిక దానికి ఎక్కడిదో నాకు తెలియదు, నా దగ్గర నుంచి మాత్రం రాలేదు.

రమ్మన్న రోజు కాలేజీ వరండాలో తల్లిదండ్రులందరం బల్లల మీద కూర్చున్నాం. నా పక్కన విజయవాడ నుంచి వచ్చిన బ్యాంకు గుమాస్తా ఒకాయన ఉన్నారు. వాళ్ళబ్బాయి అంతకుముందు వేరే కాలేజీలకు కూడా వెళ్ళి వచ్చాడట. అందుకని ఆయన నాకు పాఠం చెప్పారు.

“బయటికి రాగానే ఎలా చేశావని అడగకండమ్మా. చెప్తే వినండి. చెప్పకపోతే తినడానికేదైనా పెట్టండి.”

“మీరు అలాగే చేస్తారాండి?”

“ఎక్కడండీ, నా నోరు ఊరుకుంటేగా! అందుకే మా వాడు ఇవాళ నాకు దూరంగా ఆ చివర నిలబడ్డాడు.”

మాట్లాడకుండా ఉంటామంటే పెద్దవాళ్ళని వెనక వరసలో కూర్చోనిచ్చారు. మా అమ్మాయికి అన్నయ్యగా ఆయన కొడుకే వచ్చాడు. పొడుగ్గా, చురుగ్గా ఉన్నాడు. వాడి మాటలు గుక్క తిప్పుకోకుండా వచ్చాయి. మా అమ్మాయి జవాబు చెప్పడానికి మాత్రం ఆలస్యమైంది. వాడు మాట పూర్తిచేసేవాడు, ఇది చూస్తూ నిలబడేది. ప్రతిసారీ అంతే. చివరికి పాపం, మరిచిపోయిందేమోనని వాడే మెల్లగా దాని మాట అందించాడు.

నాకప్పుడు అర్థమైంది. ఇంట్లో నేను ఏ మాట దగ్గర ఎంతసేపు తడబడేదాన్నో, ఇక్కడ ఆ మాట తర్వాత అంతసేపూ ఇది ఆగుతోంది. నా చదువును కూడా కలిపి కంఠతా పట్టేసింది.

ముందు వరసలో కూర్చుని నటన చూస్తున్న మేడం చెయ్యెత్తి ఆపారు. “మాటలు గుర్తులేవా?”

“ఉన్నాయండి.”

“మరెందుకు ఆగుతున్నావు?”

మా అమ్మకు చదవడం సరిగ్గా రాదని అది ఒక్క మాట చెబితే సరిపోయేది. చెబుతుందనే అనుకున్నాను, చెబితే బాగుండుననీ అనుకున్నాను. చెప్పలేదు. నేనే చెబుదామని లేవబోయాను. పక్కనున్నాయన గుసగుసగా, “కూర్చోండమ్మా, అమ్మాయిని మాట్లాడనీండి” అన్నారు.

“అలా అలవాటు చేసుకున్నానండి. తప్పే. ఒక్కసారి మళ్ళీ చేస్తాను,” అంది మా అమ్మాయి.

మేడం గడియారం చూసి, “చెయ్యి” అన్నారు.

ఈసారి అది నాకు తెలిసిన పిల్లలా లేదు. వాడి మాట నేలమీద పడకముందే అందుకుంది. వాడు గొంతు పెంచితే ఇది తగ్గించింది. వాడు మొహం తిప్పుకుంటే చుట్టూ తిరిగి వాడి ఎదుటికే వెళ్ళింది. నేను చదివినప్పుడు ఎన్నడూ రాని కోపం ఆ అన్నయ్యకి నిజంగా వచ్చింది, ఇదే తెప్పించింది. చివర వాడు ‘వెళ్ళు’ అన్నాడు. అక్కడ మాత్రం ఆగింది. వాడు కూడా కదలకుండా నిలబడిపోయాడు. వాళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళు కారని నేను మరిచిపోయాను.

“అన్నీ తీసేసి ఇక్కడొక్కచోట ఎందుకు ఆగావు?” అని మేడం అడిగారు.

“వద్దన్నప్పుడు జవాబులున్నాయండి. వెళ్ళమంటాడని అనుకోలేదు.”

మేడం ఏదో రాసుకుని, తర్వాతి వాళ్ళని పిలిచారు.

బయటికొచ్చాక నేనేం అడగలేదు. పులిహోర డబ్బా మూత తీసి పెట్టాను. రెండు ముద్దలు తిన్నాక అదే అంది: “నువ్వలా మొహం పెట్టకమ్మా. నేనే ఇక్కడి అన్నయ్యని వదిలేసి, ఇంట్లో అన్నయ్యని వింటూ నిలబడ్డాను.” నవ్వుతూనే అంది. నేను మాత్రం సీటు పోయిందనే అనుకుంటూ ఇంటికొచ్చాను.

కొన్నాళ్ళ తర్వాత ఒక సాయంత్రం నర్సరీలో లారీకి మొక్కలు ఎక్కిస్తున్నాం. లారీ మీదున్న మనిషికి ఎత్తి ఇచ్చే పని మా ఆయనది, ఆయనకి అందించేది నేను. ఈ నాటకాల చదువు గురించి ఆయన అప్పటిదాకా అవుననీ కాదనీ అనలేదు. అసలు ఆయన ఇంట్లో మాట్లాడేదే తక్కువ. మా అమ్మాయి ఫోను పట్టుకుని వరసల మధ్య నుంచి నడిచొచ్చి మా ముందు నిలబడింది. మొహంలో ఏమీ లేదు.

ఆయన ఒక్క చూపు చూసి, గులాబీ మొక్క చేతిలో ఉండగానే మొదలుపెట్టారు.

“పోనీలేమ్మా. చిన్నప్పుడు క్రిస్మస్ నాటకంలో నువ్వు గొర్రెల కాపరివి. ఒక్కటే మాట నీకు. నేను చర్చి లోపలికి రాలేదు గానీ బయట తలుపు దగ్గరే ఉన్నాను. మైకు పనిచేయలేదు, పిల్లలెవరి మాటలూ వినపడలేదు, నీ మాట వినపడింది. నీకు రాకపోవడమేంటి, వాళ్ళకే చూడటం రాలేదు. వచ్చే ఏడు మళ్ళీ వెళ్దువుగాని. ఈసారి నేనొస్తాను.”

ఆయన నోట అన్ని మాటలు ఒకేసారి నేను పెళ్ళయ్యాక వినలేదు. లారీ మీదున్న మనిషి కూడా చెయ్యి చాపి అలాగే ఉండిపోయాడు. మా అమ్మాయి చివరిదాకా వింది.

“నాన్నా, సీటొచ్చింది.”

“మరి ముందే చెప్పొచ్చు కదే!”

“నువ్వింత మాట్లాడుతుంటే ఆపబుద్ధి కాలేదు నాన్నా.”

ఆయన చేతిలోని గులాబీ మొక్కని లారీ మీదికి అందించారు.

“అయినా నేనొస్తాను,” అన్నారు.