నక్షత్రం బోణీ

అరసవల్లిలో ఆటోలు ఆగే చోటికి ఎదురుగా ఉన్న పాత్రల కొట్టులో ఒక బోర్డు ఉంటుంది: ‘గిన్నె లేకుండా మూత అమ్మబడదు.’ ముప్పై ఏళ్ళ కిందట కొట్టు యజమాని ఉమాపతి రాయించినది. ఆ కొట్టులో అమల్లో ఉన్న శాసనాల్లో గోడకెక్కింది అదొక్కటే. అంతకంటే పెద్ద శాసనం ఆయన మనసులో ఉంది. పొద్దున్నే మొదటి బేరం మంచి చేతి మీదుగా జరగాలి. మూత గురించి ఆయన ఎవరితోనైనా వాదిస్తాడు. బోణీ గురించి వాదించడు. అది వాదనకు లొంగే విషయం కాదు.

ఆ మంచి చెయ్యి రిటైరైన నర్సు ఎలీసమ్మది. రెండు వీధుల అవతల బాప్టిస్టు చర్చి పక్కన ఉంటుంది. ఆవిడ బోణీ చేసిన రోజు కొట్టు మూసేదాకా కూర్చునే వీలుండదని ఉమాపతి అనుభవం. అందుకే మాఘమాసపు ఆదివారాల్లో, సూర్యనారాయణస్వామికి పరమాన్నం వండే భక్తులు ఊరి నిండా దిగే రోజుల్లో, ఆవిడ చర్చికి పోతూ దారిలో ఆగి ఒక గరిటె కొంటుంది. కొత్త గిన్నెల్లో పాలు పొంగించే జనం ఆ తర్వాత దిగుతారు. ఈ ఏర్పాటు మీద స్వామివారి నుంచి గాని, బాప్టిస్టు సంఘం నుంచి గాని ఇంతవరకూ ఫిర్యాదు అందలేదు.

ఇంత సజావుగా నడుస్తున్న లోకంలోకి ఫోనులో మ్యాపు వచ్చింది. ఆటో దిగిన భక్తుడు ఇదివరకు తలెత్తి బోర్డులు చదివేవాడు. ఇప్పుడు తల దించి ఫోను చూస్తున్నాడు. ఫోను అతణ్ణి నేరుగా రోడ్డు దాటించి విజయ్‌కుమార్ కొట్టులో దింపుతోంది. విజయ్‌కుమార్ ఉమాపతికి స్వయానా బావమరిది. మ్యాపులో అతని కొట్టుకి నాలుగున్నర నక్షత్రాలు. పోయిన మాఘంలో బుడితి నుంచి ఉమాపతి తెప్పించిన నాలుగు వందల ఇత్తడి గిన్నెల్లో సగం బస్తాల్లోంచి బయటికే రాలేదు. ఈ ఏడూ అదే జరిగితే ఇక ఇత్తడి మానేసి ప్లాస్టిక్ బకెట్లు అమ్ముకోవాలి. ఆ మాట తలచుకుంటేనే ఆయనకు చెంపలు వేసుకోవాలనిపిస్తుంది.

“బావా, ఫోనులో నువ్వెక్కడా కనబడవేటి?” అన్నాడు విజయ్‌కుమార్ ఓ రోజు. “లోకం లెక్కలో నీ కొట్టు లేదు.”

“లేకపోతే నువ్వు రోజూ ఎవడి కొట్లో టీ తాగతన్నావురా?”

అన్నాడే గాని, ఆ సాయంత్రమే కూతురు అర్చనను పిలిచాడు. ఆమె శ్రీకాకుళంలో బ్యాంకు ఉద్యోగి. పావుగంటలో కొట్టును మ్యాపులోకి ఎక్కించి, యజమాని ఫొటో అడిగింది. ఉమాపతి గల్లాపెట్టె పైనున్న తండ్రిగారి ఫొటో చూపించాడు. కొట్టు పేరు రాగానే ముందు పెద్దాయన కనబడటం మర్యాద. దండతో, అగరొత్తి పొగతో సహా పెద్దాయన మ్యాపులో ప్రతిష్ఠితుడయ్యాడు. మర్నాడే నెల్లిమర్ల నుంచి పాత ఖాతాదారు ఒకాయన బొంగురుపోయిన గొంతుతో ఫోను చేశాడు.

“ఇప్పుడే సూసేనండీ. పాపం, ఎప్పుడు జరిగింది?”

“ఎనభై తొమ్మిదిలో,” అన్నాడు ఉమాపతి.

ఇక నక్షత్రాలు మిగిలాయి. అర్చన తన ఫోను తీసి అయిదూ నొక్కబోతుంటే ఉమాపతి చెయ్యి పట్టుకున్నాడు.

“ఆగాగు! ఇంటి మడిసి సేస్తే అది బోణీ అవుతాదేటి?”

“ఇది బేరం కాదు నాన్నా, అభిప్రాయం.”

“మొదటిది ఏదైనా బోణీయే.”

తొమ్మిది రోజులు నక్షత్రాల గడి ఖాళీగా ఉంది. నడుమ టెక్కలి నుంచి వచ్చిన ఒకాయన, గిన్నెలు నచ్చి, అయిదు నక్షత్రాలు పెడతానని తనంతట తనే ఫోను తీశాడు. ఉమాపతి రెండు చేతులూ జోడించాడు. “వద్దు బాబూ. ఇంకా బోణీ అవలేదు.” ఆయన కాస్త జాలిగా చూసి ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మాఘం మొదటి ఆదివారం ఎలీసమ్మ వచ్చింది. గరిటె కొంది. ఉమాపతి విన్నపం విని, కళ్ళజోడు సవరించుకుని, అర్చన చూపించిన చోట నొక్కి, వేలితో ఒక్కో అక్షరమూ వెతికి నాలుగు మాటలు రాసింది. ఉమాపతి ఆ ఫోనును, బోణీ నోటును అద్దుకున్నట్టే, కళ్ళకద్దుకుని ఆవిడకు తిరిగిచ్చాడు. ఆవిడ చర్చికి వెళ్ళిపోయింది.

అర్చన తన ఫోను చూసింది. తండ్రిని చూసింది. మళ్ళీ ఫోను చూసింది.

“నాన్నా, ఒక్కటే పెట్టింది.”

“బోణీకి ఒకటి సాలదేటి?”

“అయిదుకి ఒకటి నాన్నా! అంటే కొట్టు దండగ, గుమ్మం ఎక్కొద్దు అని.”

ఉమాపతి ఫోను అందుకుని చదివాడు. ‘ముప్పై ఏళ్ళుగా కొంటున్నాను. ఇత్తడి అంటే ఇత్తడే. మనిషి మంచివాడు. ప్రభువు ఈ కొట్టును దీవించును గాక.’ ఆ దీవెన నెత్తిన ఒకే ఒక్క నక్షత్రం, పక్కన నాలుగు ఖాళీ గళ్ళతో వెలుగుతోంది. ఆ పూట ఎదురు కొట్టు ముందు చెప్పులు విడిచే చోటు చాలలేదు. ఇక్కడ అమ్ముడైనవి గరిటెతో కలిపి పదకొండు.

“ఆవిణ్ణి అడిగితే మార్చేస్తుంది. ఒక్క నొక్కు,” అంది అర్చన.

అక్కడే ధర్మసంకటం. బోణీ వెనక్కివ్వకూడదు. బోణీగా అమ్మిన చెంబు చిల్లిదని తేలినా మర్నాటిదాకా మార్చి ఇచ్చిన మనిషి కాదు ఉమాపతి. మరి, ఆ చేత్తోనే పెట్టిన నక్షత్రం చెరిపెయ్యమని ఏ మొహంతో అడుగుతాడు? అలాగని అమ్ముడుపోని గిన్నెలు బస్తాల్లోంచి ఆయన్నే చూస్తున్నాయి. రెండు రోజులు ఆలోచించి, మంగళవారం సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళాడు.

ఎలీసమ్మ టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

“సిస్టరమ్మా, ఆ స్టారు...”

“ఒకటే పెట్టేనని సిన్నబుచ్చుకున్నావేటి బాబూ?” ఆవిడ నవ్వింది. “అయిదు గళ్ళే ఉన్నాయి. అయిదూ నానే నొక్కేస్తే ఎనకొచ్చినోళ్ళకి ఏటి మిగుల్తాది? పంక్తిలో కూకున్నప్పుడు ఒక లడ్డూ తీసుకుంటాం గాని, పళ్ళెం ఒళ్ళో పెట్టేసుకుంటామా?”

ఇంటర్నెట్ పుట్టినప్పటి నుంచీ దాని మీద ఇంత మర్యాద గల సిద్ధాంతం ఎవరూ చేసి ఉండరు. అసలు సంగతి ఉమాపతి నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే వంటింటి గోడ కనబడింది. మేకులకు వరసగా గరిటెలు, నలభై దాకా ఉంటాయి. ఒక్కదానికీ మసి అంటలేదు. ఆవిడ ఒంటరి మనిషి; ఒక కూర గిన్నెకు ఇన్ని గరిటెలు దేనికి? అవన్నీ తన బోణీలే. నాలుక చివరి మాటను ఉమాపతి టీతో మింగేశాడు.

“టీ బాగున్నాది సిస్టరమ్మా,” అని లేచాడు.

“దిగులెట్టుకోకు. మిగతా నాలుగూ నాను నింపిస్తాను.”

దాని అర్థం శనివారం తెలిసింది. చర్చి స్త్రీల సమాజం నుంచి ముగ్గురు, థామస్ మాస్టారు ఒకరు, తలా ఒక నక్షత్రం, తలా ఒక దీవెన ప్రసాదించారు. అయిదుగురు పెట్టిన నక్షత్రాలు, సరాసరి ఒకటి. “అయిదూ నిండేయి బాబూ!” అని ఎలీసమ్మ ఫోను చేసింది. ఉమాపతి థాంక్సు చెప్పాడు. ఎదురు కొట్టులోంచి విజయ్‌కుమార్ కేకేశాడు: “బావా! దీనికింక కింద మెట్టు లేదంట!”

ఆదివారం తెల్లవారింది. ఎలీసమ్మ వచ్చి మరో గరిటె కొని వెళ్ళింది. ఏడు గంటలకు భావనపాడు నుంచి ఆటో నిండా దిగిన ఆడవాళ్ళలో ముందున్న గున్నమ్మ అనే ఆవిడ ఫోను చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

“ఏటి బాబూ ఇది? ఈదిలో అందరికీ నాలుగేసి స్టార్లు, నీకొక్కటే. లోన సదివితే అందరూ దీవిస్తన్నారు. ఇదేటో సూసెల్దామని వచ్చేం.” గోడ మీది ఫొటో చూసి, ఆయన్ని చూసి, “నువ్వు పోనేదేటి?” అంది.

“నానింకా పోనేదమ్మా. ఆయన మా నాన్న.”

చూడటానికి వచ్చినవాళ్ళు ఊరికే పోలేదు. గిన్నె తీసుకున్నారు, శాసనం ప్రకారం మూతా తీసుకున్నారు. వాళ్ళ వెనక ఇంకో ఆటో ఆగింది. నాలుగులూ నాలుగున్నరలూ వీధి నిండా ఉంటే ఎవరికి గుర్తు, ఒకటి మాత్రం ఒక్కటే గదా అని అర్చన తర్వాత విశ్లేషించింది. ఉమాపతి ఆ విశ్లేషణ పూర్తిగా విని, చెయ్యి మంచిదమ్మా అన్నాడు. పన్నెండు గంటలకు ఖాళీ బస్తాలు మడత పెడుతున్నాడు.

విజయ్‌కుమార్ రోడ్డు దాటి వచ్చాడు. టీ తాగాడు. మడత పెట్టిన ఖాళీ బస్తాలు లెక్కపెట్టాడు.

“బావా... వచ్చే ఆదివారం సిస్టరమ్మని ఓపాలి మా కొట్టు కాడికి పంపుతావేటి? బోణీకి.”

“దానికేటి, సెప్తాను.”

“కాపోతే ఫోను ఇంటికాడ ఒగ్గేసి రమ్మను. మాకు సెయ్యి సాలు. స్టారొద్దు.”

ఉమాపతి చేతిలో ఉన్న బస్తా మడత పూర్తి చేశాడు. బస్తా పక్కన పెట్టి, వెనక్కి తిరిగి, భుజం మీది తువ్వాలుతో గోడ మీది గిన్నె-మూత బోర్డు దుమ్ము దులిపి, బావమరిదికి బాగా కనబడేట్టు పక్కకు తప్పుకున్నాడు.