బాలమ్మ పేరు మీద స్కాలర్‌షిప్పు

మూసారాంబాగ్‌లో స్తెఫను మేస్త్రికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది బాలమ్మ, చిన్నది రెబెక్క. ఇద్దరి మధ్యా ఏడాదిన్నరే తేడా. కానీ ఆ ఏడాదిన్నరలోనే ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నారు. అందుకే అక్కకు పాత పేరు, చెల్లెలికి బైబిలు పేరు.

బాలమ్మను బడిలో వేసి రిజిస్టరులో ఆ పేరూ పాత కులమూ రాయించారు. మూడో నెలలో పిల్లకు జ్వరం తగిలి నాలుగు రోజుల్లో పోయింది. పలక మీద తన పేరు రాయడం ఒక్కటే నేర్చింది, పాపం. మతం మారినవాళ్ళ పిల్లలకు సర్కారు స్కాలర్‌షిప్పు దక్కదని స్తెఫనుకు ఎవరో చెప్పారు. మరుసటి వారమే రెబెక్క చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయి, "గీమెనే బాలమ్మ, సార్" అన్నాడు. పంతులు పిల్లను ఎగాదిగా చూసి, లోపల కూర్చోమన్నాడు.

ఆ రోజు మొదలు పదిహేనేళ్ళు రెబెక్క అక్క పేరుతోనే చదివింది. స్కాలర్‌షిప్పు ఏటా వచ్చింది. చచ్చిపోయిన పిల్లకు డబ్బివ్వడానికి సర్కారుకు ఏ అభ్యంతరమూ లేకపోయింది, పేచీ అంతా బతికున్న పిల్లతోనే! తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోస్తావాళ్ళకు ఇల్లు కడుతూ స్తెఫను పరంజా మీద నుంచి పడి చనిపోయాడు. తల్లి కిష్టమ్మ ఆ కొత్త ఇళ్ళలోనే అంట్లు తోమి ఇల్లు నడిపింది. రెబెక్క బి.ఏ. పూర్తి చేసి టీచరైతే తప్ప ఆ చేతులకు బూడిద వదలదు. సరిగ్గా ఆఖరి సంవత్సరంలో అరవైతొమ్మిది వచ్చిపడింది. జై తెలంగాణ నినాదాలు, కాల్పులు, కర్ఫ్యూలు. కాలేజీ మూతబడింది. దాంతోపాటు స్కాలర్‌షిప్పూ ఆగిపోయింది.

మరుసటి ఏడు కాలేజీ తెరిచాక, ఆగిన స్కాలర్‌షిప్పు వచ్చిందని నోటీసు పెట్టారు. పరీక్ష ఫీజుకు ఆఖరు తేదీ మర్నాడే. రెబెక్క ఆదరాబాదరా ఆఫీసుకు వెళ్ళింది. అక్కడ గుమాస్తా జోగారావు ఉన్నాడు. గుంటూరు మనిషి. గొడవల భయంతో అప్పటికీ తలుపు ఓరగా వేసుకునే కూర్చుంటున్నాడు.

"మళ్ళీ వచ్చావేంటమ్మాయ్? నిన్ననే తీసుకెళ్ళావుగా!"

"నిన్న నేను రాలే సార్. ఇంట్లనే ఉన్న."

జోగారావు రిజిస్టరు తిప్పి ఆమె ముందుకు తోశాడు. తన వరుసకెదురుగా "బాలమ్మ" అని సంతకం ఉంది. పలక మీద దిద్దినట్టు పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలు. రెబెక్క సంతకం ఎప్పుడూ సన్నగా, పక్కకు వాలి ఉంటుంది.

"నీది కాకపోతే, 'బాలమ్మ అనే నేనే అసలు మనిషిని, ఈ సంతకం నాది కాదు' అని రాసివ్వు. పైవాళ్ళకు పంపిస్తాను" అన్నాడు.

రెబెక్క కలం తీసుకుంది. మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. బాలమ్మ అనే నేను! చర్చికి వెళ్ళే పిల్ల, ఆ అబద్ధం అంతవరకూ నోటితో చెప్పింది, ఆ పేరుతో సంతకాలు పెట్టింది గాని ఇలా కాగితం మీద ప్రమాణం చెయ్యలేదు. కళ్ళు మూసుకుని గబగబా రాసి, కింద సంతకం పెట్టింది. కళ్ళు తెరిచి చూస్తే పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలు.

జోగారావు రెండూ పక్కపక్కన పెట్టి విసుక్కున్నాడు. "ఒకే చెయ్యి కదా! నాతో వేళాకోళమా? నిన్న ఈ డబ్బుతోనే పరీక్ష ఫీజు కట్టావు, రసీదు మర్చిపోయి వెళ్ళావు. ఇదిగో, తీసుకో."

ఫీజు కట్టేసి ఉంది. సంతోషపడాలో, పారిపోవాలో తెలియలేదు రెబెక్కకు. ఫీజు కట్టిన మనిషి పరీక్ష కూడా తనే రాస్తానంటే? ఆ ఆలోచన రాగానే రసీదు తీసుకుని గబగబా బయటపడింది. దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరు అడక్కుండానే రెండు టికెట్లు చింపాడు.

"ఒక్కటే" అంది.

అతను ఆమె పక్కనున్న ఖాళీ సీటు వైపు కాసేపు చూసి, రెండోది తన సంచిలో వేసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి కిష్టమ్మ బియ్యం చెరుగుతోంది.

"అమ్మా, నా ఫీజు ఎవరో కట్టిన్రే. బాలమ్మ అని దస్కత్ పెట్టిన్రు."

కిష్టమ్మ చేట ఆపలేదు. "ఎవరో ఏంది? పదిహేనేండ్ల సంది నీతోటి సదువుతున్నది. ఆఖరి పరీచ్చ ఇడిసిపెడ్తదా?"

"అక్క సచ్చిపోయింది గదనే!"

"రోజు బడికి పోయే పిల్ల సచ్చుడేంది?"

పెద్దకూతురు పోయినప్పుడు కిష్టమ్మ కంట చుక్క రాలేదు. ఎంత విశ్వాసమో అని చర్చిలో అందరూ మెచ్చుకున్నారు. అది విశ్వాసం కాదని రెబెక్కకు ఇప్పుడు తెలిసింది. చేట చప్పుడు ఉన్నట్టుండి ఆగింది.

"పరీచ్చలు అయినంక ఇగ పోతదా?" అని అడిగింది కిష్టమ్మ.

"నౌకరి గూడ ఆమె పేరు మీదనే ఒస్తది" అంది రెబెక్క.

"ఐతె ఇంకా ఉంటది" అంది కిష్టమ్మ. ఆమె ముఖమంతా వెలిగిపోయింది. తన కోసం ఆ ముఖం ఎప్పుడైనా అలా వెలిగిందా అని రెబెక్క వెతుక్కుంది. అంతదాకా అక్కంటే భయపడిన పిల్ల, ఆ క్షణాన అక్కను చూసి కుళ్ళుకుంది.

పరీక్షల మొదటి రోజు పొద్దున రెబెక్క హాల్ టికెట్టు తీసుకుని బయల్దేరింది. కిష్టమ్మ గుమ్మం దాకా వచ్చింది.

"మంచిగ రాయి బిడ్డా. పరేషాన్ గాకు" అంది.

చెబుతున్నది తనకే అనుకుంది రెబెక్క. కానీ తల్లి చూపు తన భుజం మీదుగా వెనక్కి పోతోంది. తిరిగి చూసింది. ఎండలో ఖాళీ వీధి తప్ప అక్కడేమీ లేదు. రెబెక్క తల్లి గడ్డం పట్టుకుని మెల్లగా తన వైపు తిప్పుకుంది.

"అమ్మా, నేనీడ ఉన్న" అంది.