గొడుగు కమ్మికి గుచ్చిన నల్లా బిల్లు

మా గల్లీలో ముసలివాళ్ళ నల్లా బిల్లులు నేనే కట్టుకొస్తాను. దీన్ని సేవ అంటే నాకు నవ్వొస్తుంది. నేను ప్లంబర్‌ని, హనుమకొండలో పని ఉన్నప్పుడల్లా బిల్లులు కట్టే ఆఫీసు ముందు నుంచే పోవాలి. ఆ ఆఫీసు మెట్లు ఎక్కేసరికి నా మోకాళ్ళే మొరాయిస్తాయి, ఇక కర్ర పట్టుకుని నడిచేవాళ్ళ సంగతి చెప్పాలా? అట్లా ఆరేడు ఇళ్ళ బిల్లులు నా చొక్కా జేబులోకి చేరాయి. ఏడో తరగతిలో బడి మానేసినవాడి చేతికి కాగితాలిచ్చి, ‘చూసి కట్టు బిడ్డా’ అని పంపే ధైర్యం మా గల్లీ వాళ్ళకే ఉంది.

ఆ ధైర్యంలో అందరికంటే ముందుండేది అవ్వ. మాకు చుట్టరికం ఏమీ లేదు. ఒంటిగది రేకుల ఇల్లు, వాకిట్లో నల్లా, లోపల మంచం మీద తాత. పక్షవాతం తాత కాళ్ళను, కుడి చేతిని పట్టుకుపోయింది గానీ నాలుక జోలికి రావడానికి జంకింది. పింఛను మీదే వాళ్ళ బతుకు. తాతకు రోజుకు రెండుసార్లు బట్టలూ దుప్పటీ మార్చాలి, అవన్నీ అవ్వ ఆ నల్లా కిందే ఉతకాలి. అందుకే కూర మానేస్తుంది గానీ నల్లా బిల్లు మాత్రం ఆపదు.

అవ్వకు ఒక అలవాటు ఉంది. ఇంట్లోకి ఏ కాగితం వచ్చినా గోడకు వేలాడే పాత గొడుగు కమ్మికి గుచ్చేస్తుంది. కరెంటు బిల్లు, దవాఖాన చీటీ, ఎవరిదో పెళ్ళి పత్రిక, అన్నీ ఆ కమ్మికే. అది కూడా ఎట్లా పడితే అట్లా కాదు, కాగితం కుడివైపు పై మూలన, కొలిచినట్టు ఒకే చోట. నేను ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ దానితో ఇబ్బంది రాలేదు. బిల్లు కమ్మి దాకా పోకముందే నా జేబులో పడేది.

ఒకసారి డోర్నకల్‌లో పైపుల పని దొరికింది. పది రోజులన్న పని నాలుగు నెలలు సాగింది. తిరిగొచ్చి చూస్తే అవ్వ ఇంట్లో బిల్లులు పేరుకుపోయి ఉన్నాయి. బాకీ కట్టకపోతే నల్లా తీసేస్తామని కాగితం కూడా వచ్చింది. అదీ కమ్మికే ఉంది.

“ఇంకెవలకన్న ఇచ్చి కట్టియ్యకపోయినవా అవ్వా?” అన్నాను.

“నువ్వు లేవు గద బిడ్డా. ఎవలకని ఇయ్యాలె?”

మంచం మీది నుంచి తాత అందుకున్నాడు. “నీకంటె మంచోడు దొరకక కాదురా. నీ లెక్క ఊకె తిరిగెటోడు దొరకలే.”

అవ్వ కొంగు ముడి విప్పి, దాచిన డబ్బంతా నా చేతిలో పెట్టింది. కమ్మి నుంచి బాకీ అంతా కలిపి వచ్చిన చివరి బిల్లు లాగి జేబులో వేసుకుని బయలుదేరాను.

లైను అంటే నాకు సభతో సమానం. ముందువాణ్ణి, వెనకవాణ్ణి నవ్విస్తూ కౌంటరు దాకా చేరాను. లోపలి అమ్మాయి నంబరు అడిగింది. బిల్లు తీసి చూస్తే కమ్మి సరిగ్గా చివరి అంకెలోంచి దూసుకుపోయింది. మిగిలిన ముక్క చూస్తే మూడులాగా ఉంది, ఎనిమిదిలాగానూ ఉంది. ఎనిమిది అన్నాను.

“పేరు చూసుకున్నవా అన్నా?” అని ఆ అమ్మాయి అడగనే అడిగింది.

“చూసిన చెల్లె, కొట్టు” అన్నాను, వెనక్కి తిరిగి ఎవరితోనో పరాచికమాడుతూ.

రశీదు తెచ్చి అవ్వకిచ్చాను. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని కమ్మికి గుచ్చింది.

వారం తిరగకముందే, పొద్దున నీళ్ళొచ్చే వేళకు, నల్లా తీసేయడానికి పానా పట్టుకుని నీళ్ళ ఆఫీసు మనుషులు ఇద్దరు అవ్వ వాకిట్లోకి వచ్చారు. కబురు అంది నేను పరుగెత్తాను. అవ్వ నల్లా మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

“మా పిలగాడు కట్టిండు. రశీదు ఉన్నది, చూడుండ్రి” అంటోంది.

వాళ్ళలో పెద్దాయన రశీదును వెలుతురుకు పెట్టి చూశాడు. “గిది మీ నంబరు కాదవ్వా. గల్లీ మొదట్ల బట్టల దుకాణం సేటుది.”

రశీదు అందుకుని చూశాను. నేను చెప్పిన ఎనిమిదే చివరన ఉంది. లోపలి నుంచి తాత అందుకున్నాడు. “నా బట్టలుతికే నీళ్ల పైసలు పొయ్యి బట్టల దుకాణంలనే పడ్డయా? మంచిగున్నది!”

అవ్వ నా ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. “పొద్దున చాయ్ తాగినవా?” అని అడిగింది. ఆ ఒక్క మాటకు నేను ఇప్పటికీ ఆమెకు బాకీ.

“పొద్దుగూకెదాక ఆగుతం. అటెనుక మా చేతుల లేదు” అని వాళ్ళు వెళ్ళిపోయారు.

డోర్నకల్ కూలి అప్పటికే ఇంటి కిరాయికీ పిల్లల ఫీజుకూ ఖర్చయిపోయింది. మిగిలిన దారి సేటు ఒక్కడే. ఆ సేటును నేను ఏళ్ళ తరబడి ఏడిపించాను. చందా అడిగినప్పుడల్లా ‘ఇంక బోణి కాలే’ అనే మనిషి. అందుకని ఆ దుకాణం ముందు నుంచి పోయినప్పుడల్లా, “సేటూ, బోణి అయిందా?” అని అరిచేవాణ్ణి. ఆ రోజు మాత్రం అరవకుండా మెట్లెక్కాను. జరిగింది జరిగినట్టు చెప్పాను.

“నువ్వేనా?” అన్నాడు సేటు. “బిల్లు జమ అయిందని ఫోనుకు మెసేజ్ వచ్చింది. మా ఇంట్ల ఎవ్వలు కట్టలే. నాకు ఊకె పైసలు కట్టెటోడు వరంగల్‌ల ఎవడున్నడా అని రెండు రోజులు నిద్ర పట్టలే.”

గల్లాపెట్టె మీది దేవుడి పటం వెనుక నుంచి ఒక కవరు తీశాడు. జమ అయినంత డబ్బు అందులో ఉంది. “ఎవలదో ఏమో, అడగొస్తరని పక్కకు వెట్టిన.”

“గిన్నేండ్లు నిన్ను పిసినారి అన్న సేటూ.”

“ఇంక గట్లనే అను. లేకుంటె చందాలోళ్లు వస్తరు.”

చెయ్యి చాపాను. కవరు ఇవ్వలేదు. “నీ చేతికా? మళ్ల ఎవల నల్లాకు కడ్తవో” అంటూ వచ్చి నా బండెక్కాడు. కౌంటరు దగ్గర తాత పేరు, ఇంటి నంబరు లైనంతా వినేలా మూడుసార్లు చెప్పాడు. ఆ రెండూ చెబితే చాలు, ఆ అమ్మాయి అసలు నంబరు వెతికి చెప్పింది. చివరి అంకె మూడు.

పొద్దుగూకకముందే రశీదు పానా మనుషులకు చూపించాం. వాళ్ళు తలూపి వెళ్ళిపోయారు. సేటు మాత్రం వెళ్ళలేదు. గొడుగు కమ్మిని గోడ నుంచి దించి, కాగితాలన్నీ లాగి, చీరలు మడతేసినంత శ్రద్ధగా కింది ఎడమ మూలన మళ్ళీ గుచ్చాడు. “ఇగ నుంచి గిట్ల గుచ్చు అవ్వా” అన్నాడు.

అవ్వ ఇప్పటికీ డబ్బు నా చేతికే ఇస్తుంది. షరతు ఒక్కటే. వెళ్ళే ముందు తాత మంచం పక్కన నిలబడి పేరు, ఇంటి నంబరు, నల్లా నంబరు పైకి చదవాలి. తాత కళ్ళు మూసుకుని వింటాడు. “మెల్లగ సదువు. ఉరికితె అంకెలు జారిపడ్తయ్” అంటాడు. బడిలో నన్ను బెంచీ ఎక్కించినవాళ్ళున్నారు గానీ, ఇంత ఓపికగా చదివించినవాళ్ళు లేరు.

మొన్న ఒక్క తప్పు కూడా పోకుండా చదివాను. వాకిట్లో అవ్వ నల్లా కింద దుప్పటి జాడిస్తోంది, తుంపర్లు గడప దాకా వస్తున్నాయి.

“పాసయినవురా” అన్నాడు తాత. “ఇగ పో. లైన్ల మాత్రం నోరు మూసుకొని నిలబడు.”