పదమూడు మంది కూలీలు, నేనిచ్చిన ఒక పాత టైరు

నెల కిందట ఎమ్మిగనూరు దగ్గర పత్తి కూలీలను తీసుకుపోయే వ్యాను వెనక టైరు పగిలి, బండి చేలోకి ఒరిగింది. మారెమ్మ అనే కూలీకి కుడిచేయి విరిగింది. ఆ టైరు నేనిచ్చినదే. నా కారు అమ్మినప్పుడు మిగిలిన స్టెప్నీని, ఒక్క మైలు కూడా తిరగనిదని చెప్పి వ్యాను యజమాని రంగన్నకు ఊరికే ఇచ్చాను. ప్రమాదం తర్వాత అతను సారు టైరే ముంచిందని అందరికీ చెప్పుకున్నాడు. మనుషుల్ని కుక్కి తోలేవాడు నన్ను అనడమా? ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, పడ్డ మాటను వదిలేసే అలవాటు లేదు. తప్పెవరిదో తేల్చుకుందాం, పగిలిన టైరు తీసుకుని ఎమ్మిగనూరు టైర్ల షాపుకు రమ్మని కబురు పెట్టాను.

ఉదయం ఏడున్నరకు ఆదోనిలో బస్సెక్కాను. టికెట్టు యాభై రూపాయల లోపే, ప్రయాణం గంట. దారి పొడవునా పత్తి చేలు. కూలీలతో నిండిన ఆటోలు బస్సును దాటిపోతుంటే మొదటిసారి వాటి చక్రాలను చూశాను. చాలావాటికి గాడులు అరిగి నున్నగా ఉన్నాయి. నేనిచ్చినదానికి గాడులు నిండుగా ఉండేవి. గెలుపు నాదే అనుకున్నాను.

షాపు బస్టాండు నుంచి పది నిమిషాల నడక. యజమాని మస్తాన్ అరవై దాటినవాడు. రంగన్న నా ముఖం చూడకుండా వ్యానులోంచి పగిలిన టైరు దించాడు. మస్తాన్ ముందు అతణ్ణే అడిగాడు.

"దినామూ ఎంతమందిని ఎక్కిస్తాండావు?"

"ఎనిమిది మందన్నా."

"టైరు కాడ అబద్ధం సెప్పకప్పా. మోసేది అది, నువ్వు కాదు."

"పదమూడు," అన్నాడు రంగన్న నేల చూస్తూ.

నాకు కలిగిన సంతోషం రెండు నిమిషాలే. మస్తాన్ తడిగుడ్డతో టైరు పక్క గోడను తుడిచి, కోడిగుడ్డు ఆకారపు గీతలో ఉన్న నాలుగంకెలు చూపించాడు: 2312. రెండువేల పన్నెండో సంవత్సరం, ఇరవై మూడో వారంలో తయారైందట. ఏటా దసరా ఆయుధపూజకు డిక్కీలోంచి తీసి, కడిగి, నల్ల పాలిష్ రాసి, కుంకుమ బొట్టు పెట్టేవాళ్ళమని చెప్పాను. అతను రబ్బరును వంచాడు. పాలిష్ కింద వెంట్రుకల్లాంటి పగుళ్ళు నోళ్ళు తెరిచాయి.

"తిరక్కపోయినా దానికి వయసు పోతాంటాది సారూ," అన్నాడు.

సైజు పక్కనున్న అంకె అది మోయగల బరువును చెబుతుందట. నాది కారుకు సరిపోయే రకం, నిండు వ్యానుకు చాలదు. వెనక్కి రెండు కొత్తవి, బరువు మోసే రకం, ఈ ఏడాదివే వేయించాను. బిగింపుతో కలిపి ఎనిమిది వేలయింది. ఇకమీద కూలీలను రెండు ట్రిప్పుల్లో తీసుకుపోతానని రంగన్న నన్ను కాదు, మస్తాన్‌ను చూసి ఒప్పుకున్నాడు.

అదే బండిలో మారెమ్మ ఇంటికి వెళ్ళాం. పత్తి తీసే కాలంలో ఆమె చేతికి కట్టుతో అరుగు మీద కూర్చుని ఉంది. బరువు సంగతి, రబ్బరు వయసు, తప్పులో ఎవరి పాలు ఎంతో అన్నీ వివరించాను. ఆమె చివరిదాకా విన్నది.

"సదువుకున్నోడివి కదా సారూ. ఇచ్చేముందు ఆ నాలుగంకెలు సదివింటే అయిపోయేది."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

తిరుగు బస్సులో ఆ మాటే వినిపించింది. నా ఇంట్లో మూడు బీరువాల పుస్తకాలున్నాయి. వాటిలో అచ్చుతప్పులు వెతికి మార్జిన్లలో రాసి, రాసినవాళ్ళను చిన్నబుచ్చి మురిసినవాణ్ణి. ఏటా నేను కుంకుమ పెట్టిన చోటికి ఆ అంకెలు జానెడు దూరంలో ఉన్నాయి. రంగన్నతో తేల్చుకోవలసిన లెక్క ఏదీ మిగల్లేదు.

మీరు టైరు కొంటున్నా, ఎవరికైనా ఇస్తున్నా, గాడులు చూసి తృప్తిపడకండి. పక్క గోడ తుడిచి ఆ నాలుగంకెలు పైకి చదవండి, ఆ బండి ఎక్కేవాళ్ళకు కూడా వినబడేట్టు.